మాటకు కట్టుబడిన మాంట్రోజ్ ప్రభువు



ఈ సంచికకు ఒక మహనీయుని జీవిత చరిత్ర వ్రాసి ఇమ్మని కార్యదర్శిగారు అడిగారు. త్యాగరాజస్వామి గురించో, వీరేశలింగం పంతులుగారి గురించో వ్రాస్తాననుకొని ఉంటారు. ఆ మహనీయుల చరిత్రలు నాకంటె బాగా వ్రాయగలవారు మనలో ఉన్నారు. నేను ముప్పై యేళ్ళకు పైగా బడిలో చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి. తెలుగు నాకు ఇంట్లో సగం, సాయంకాలపు తరగతిలో సగం వచ్చింది. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

మా తాత విశాఖపట్నం వైపునుండి నేటాల్ చెరకు తోటలకు గిర్మిట్ మీద వచ్చాడు. ఓడ ఎక్కేముందు ఒక కాగితం మీద వేలిముద్ర వేశాడు. అందులో ఏముందో చదవడం ఆయనకు రాదు. అయినా ఐదేళ్ళపాటు ఆ ముద్రకు కట్టుబడ్డాడు. అవతలివారు తమ మాటకు ఎంతవరకు కట్టుబడ్డారో మన కుటుంబాలన్నింటికీ తెలిసినదే. అందుకేనేమో, కాగితం మీద చెయ్యి పెట్టి దాని ఫలం అనుభవించిన మనిషి కథ ఎక్కడ కనబడినా నేను ఆగి చదువుతాను. అలా చదివినవాటిలో నా మనసులో నిలిచిపోయినది స్కాట్లండు దేశపు జేమ్స్ గ్రాహం కథ. లోకం ఆయనను మాంట్రోజ్ ప్రభువుగా ఎరుగును.

ఈ కథ ఒకసారి మా సాయంకాలపు తరగతిలో చెప్పాను. పిల్లలు రెండు పక్షాలయ్యారు. ఒక పక్షం ఆయన తనవాళ్ళను విడిచి అవతలి పక్షం చేరాడు గనుక విభీషణుడన్నారు. రెండవ పక్షం తనను ఆదరించిన రాజుకోసం ప్రాణమిచ్చాడు గనుక కర్ణుడన్నారు. ఎవరి మాట సరియైనదో కథంతా విన్నాక మీరే చెప్పండి.

బాల్యము, చదువు

జేమ్స్ గ్రాహం 1612లో పుట్టాడు. గ్రాహంలు స్కాట్లండులో పాత ప్రభువుల వంశం. అక్కచెల్లెళ్ళ మధ్య ఒక్కడే మగబిడ్డ. 1626లో తండ్రి పోయాడు. పద్నాలుగేళ్ళ పిల్లవాడు ఆ వంశానికి ఐదవ ఎర్ల్ అయి, పెద్ద జమీందారీకి యజమాని అయ్యాడు. అక్క మార్గరెట్ భర్త ఆర్చిబాల్డ్ నేపియర్ ప్రభువు ఆయనకు సంరక్షకులలో ఒకడు. ఈ బావ తండ్రి సామాన్యుడు కాడు. 1614లో లాగరిథమ్ పట్టికలను లోకానికిచ్చిన గణిత శాస్త్రవేత్త జాన్ నేపియర్ ఆయనే. బడిలో లెక్కలు చేసినవాళ్ళందరూ ఆ పేరు విన్నవాళ్ళే. ఈ నేపియర్ కుటుంబాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. కథ చివర వాళ్ళు మళ్ళీ వస్తారు.

సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు. విలువిద్యలో 1628లో అక్కడి పోటీ గెలిచాడు. గుర్రపు స్వారీ, గోల్ఫ్ ఆట ఇష్టం. పుస్తకాలంటే ప్రాణం. చిన్న చిన్న పద్యాలు కూడా కట్టేవాడు. 1629లో, పదిహేడేళ్ళకే, మాగ్దలీన్ కార్నెగీ అనే ప్రభు కుమార్తెతో వివాహమయింది. పిల్లలు పుట్టారు. తరువాత 1633 నుండి మూడేళ్ళు ఫ్రాన్సు, ఇటలీ దేశాలు తిరిగి వచ్చాడు. తిరిగివచ్చి రాజును దర్శించుకుంటే అక్కడ ఆదరణ దొరకలేదు. మనసు నొచ్చుకొని స్వదేశం చేరాడు.

మొదటి సంతకం

అప్పటి రాజు మొదటి ఛార్లెస్. ఇంగ్లండుకూ, స్కాట్లండుకూ ఆయన ఒక్కడే రాజు. కాని రెండు దేశాల చర్చీలు వేరు, ఆచారాలు వేరు. ఇంగ్లండు పద్ధతిలో తయారైన ప్రార్థన పుస్తకాన్ని స్కాట్లండు ప్రజలు కూడా చదివి తీరవలెనని రాజు ఆజ్ఞాపించాడు. 1637 జూలైలో ఎడింబరో నగరంలోని సెయింట్ జైల్స్ చర్చిలో ఆ పుస్తకం తెరవగానే పెద్ద గలాటా జరిగింది. తమ దేవుణ్ణి తమ పద్ధతిలో కొలుచుకోనీయకుండా రాజు అడ్డుపడితే ఎవరు ఊరుకుంటారు?

1638 ఫిబ్రవరి 28న ఎడింబరోలో గ్రేఫ్రైయర్స్ చర్చిలో ప్రభువులందరూ కూడి ఒక ఒడంబడిక మీద సంతకాలు చేశారు. దానికి జాతీయ కవనెంట్ అని పేరు. సంతకం చేసినవారిని కవనెంటర్లు అన్నారు. ఇరవై ఐదేళ్ళ మాంట్రోజ్ కూడా మనస్ఫూర్తిగా సంతకం చేశాడు. ఆ కాగితంలో రెండు ప్రమాణాలున్నాయి. తమ మతాన్ని కాపాడుకుంటామన్నది ఒకటి. రాజు దేహాన్ని, అధికారాన్ని కూడా కాపాడుతామన్నది రెండవది. చాలామంది మొదటిదాన్ని గట్టిగా పట్టుకొని రెండవదాన్ని మరచిపోయారు. మాంట్రోజ్ రెండూ మరువలేదు. ఆయన జీవితమంతా ఈ ఒక్క విషయంలోనే ఉన్నది.

మొదట ఆయన కవనెంటర్ల సేనాని. 1639లో రాజపక్షం వహించిన అబర్డీన్ పట్టణాన్ని లొంగదీశాడు. 1640 ఆగస్టులో స్కాట్లండు సేన ఇంగ్లండు మీదికి నడిచినప్పుడు, సరిహద్దునున్న ట్వీడ్ నదిలో అందరికంటె ముందు దిగి నడచినవాడు మాంట్రోజే.

అనుమానము, చెరసాల

అయితే అప్పటికే ఆయన మనసులో అనుమానం మొలకెత్తింది. కవనెంటర్ల పక్షంలో అందరికంటె బలవంతుడు ఆర్గైల్ ప్రభువు, ఆర్చిబాల్డ్ కాంప్‌బెల్. పడమటి కొండసీమలో వేలాది కాంప్‌బెల్ వంశీయులకు నాయకుడు. గొప్ప తెలివిగలవాడు, దైవభక్తుడు, రాజకీయంలో దిట్ట. మతం పేరు చెప్పి ఇతడు రాజు అధికారాన్ని తన గుప్పిట్లోకి తీసుకుంటున్నాడని మాంట్రోజ్‌కు తోచింది. 1640లో కొందరు ప్రభువులతో కలిసి రహస్యంగా మరొక ఒప్పందం వ్రాసుకున్నాడు. అది బయటపడింది. 1641 జూన్‌లో ఆయననూ, బావ నేపియర్‌నూ ఎడింబరో కోటలో బంధించారు. నవంబరులోగాని విడుదల కాలేదు.

1642లో ఇంగ్లండులో రాజుకూ పార్లమెంటుకూ అంతర్యుద్ధం మొదలైంది. 1643లో కవనెంటర్లు ఇంగ్లండు పార్లమెంటుతో మరొక ఒడంబడిక చేసుకొని, రాజుమీద యుద్ధానికి సేనను పంపడానికి ఒప్పుకున్నారు. దీని మీద మాంట్రోజ్ సంతకం చేయలేదు. మతంకోసం రాజును ఎదిరించడం వేరు, రాజునే కూలద్రోయడం వేరని ఆయన భావం. తాను చేసిన మొదటి సంతకానికే తాను కట్టుబడి ఉన్నాననీ, దారి తప్పినవారు మిగిలినవారేననీ నమ్మాడు. ఆయనను విభీషణుడన్న పిల్లలు ఈ సంగతి గమనించాలి. అవతలివాళ్ళు ఆయనను ద్రోహి అన్నారు. చర్చి ఆయనను వెలివేసింది.

ఒక్క సంవత్సరపు విజయాలు

1644లో రాజు ఆయనను స్కాట్లండులో తన సేనాని చేసి, మేలో మార్క్విస్ బిరుదునిచ్చాడు. పేరుకు సేనాని, వెంట సేన లేదు. అదే సంవత్సరం ఆగస్టులో ఇద్దరు మిత్రుల వెనుక గుర్రపు కాపరి వేషంలో సరిహద్దు దాటాడు. అప్పటికి ఐర్లండు నుండి సుమారు రెండు వేలమంది సైనికులతో అలస్టెయిర్ మెక్‌కొల్లా అనే మహాకాయుడు పడమటి తీరంలో దిగి ఉన్నాడు. అథోల్ సీమలోని బ్లెయిర్ వద్ద ఇద్దరూ కలుసుకున్నారు. అక్కడే కొండజాతుల వారు కూడా వచ్చి చేరారు. రాజు పతాకం ఎగిరింది.

సెప్టెంబరు 1న పెర్త్ పట్టణం దగ్గర టిప్పర్‌మ్యూర్‌లో మొదటి యుద్ధం. శత్రువులు తమకు రెట్టింపు. ఆయన మనుషులలో కొందరి చేతుల్లో ఆయుధాలే లేవు, నేలమీది రాళ్ళు ఏరి విసిరారు. అయినా గెలిచారు.

పన్నెండు రోజుల తరువాత అబర్డీన్. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. పట్టణాన్ని లొంగిపొమ్మని మాంట్రోజ్ పంపిన దూతతో వెళ్ళిన డప్పు కుర్రవాణ్ణి ఎవరో కాల్చి చంపారు. మాంట్రోజ్ ఆగ్రహించి, గెలిస్తే పట్టణాన్ని దోచుకోవచ్చునని సైనికులకు అనుమతి ఇచ్చాడు. గెలిచారు. ఆ తరువాత రోజుల తరబడి దోపిడీ జరిగింది. నూరుకు పైగా పట్టణవాసులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. స్త్రీల మానం కూడా దక్కలేదు. ఐదేళ్ళ క్రితం కవనెంటర్ల సేనానిగా తానే లొంగదీసుకున్న ఊరది. అప్పుడు రాజపక్షమన్న నేరానికి, ఇప్పుడు రాజును ఎదిరించిన నేరానికి, ఆ ఊరి ప్రజలు రెండుసార్లు ఆయన చేతిలోనే శిక్ష పొందారు. మాంట్రోజ్‌ను మెచ్చుకొనే గ్రంథకర్తలు కొందరు ఈ ఘట్టాన్ని రెండు వాక్యాల్లో దాటేస్తారు. నేను దాటలేను. ప్రభువులు మాట నిలుపుకుంటున్నప్పుడు మూల్యం చెల్లించేది ఎప్పుడూ చిన్నవాళ్ళే. మన తాతల సంగతీ అంతే కదా.

ఆ శీతకాలంలో కాంప్‌బెల్‌ల సీమలో చొరబడి ఆర్గైల్ ముఖ్య పట్టణం ఇన్వరారీని కొల్లగొట్టాడు. 1645 జనవరి చివర ఉత్తరాన ఒక శత్రుసేన, వెనుక ఇన్వర్‌లోకీ కోట దగ్గర ఆర్గైల్ సేన, మధ్యలో మాంట్రోజ్ చిక్కుకున్నాడు. తన దగ్గర సుమారు పదిహేను వందలమంది. తిన్నని దారిలో పోతే ఆర్గైల్‌కు వెంటనే తెలిసిపోతుంది. అందుకని మంచు కప్పిన కొండల మీదుగా, దారి లేనిచోట దారి చేసుకుంటూ, చుట్టు తిరిగి ఆర్గైల్ మీదికి నడిచాడు. దాదాపు ముప్పై మైళ్ళు. పొయ్యి వెలిగించే వీలు లేదు. ఓట్ల పిండి చన్నీళ్ళలో కలుపుకొని తిన్నారు. సేనాని కూడా అదే తిన్నాడు. ఫిబ్రవరి 2న తెల్లవారేసరికి ఆర్గైల్ సేన నెత్తిన పడ్డాడు. చేతికి దెబ్బ తగిలి ఉన్న ఆర్గైల్ తీరాన నిలిపిన తన నావలో కూర్చొని, పదిహేను వందలమంది తనవాళ్ళు కూలడం చూసి, తెరచాప ఎత్తి వెళ్ళిపోయాడు.

ఆ తరువాత మే నెలలో ఆల్డర్న్, జూలైలో ఆల్ఫర్డ్, ఆగస్టు 15న కిల్సైత్. వరుసగా ఆరు యుద్ధాలు గెలిచాడు. స్కాట్లండు అంతా ఆయన పాదాల దగ్గర ఉన్నట్టు కనిపించింది.

కాని ఇంటి దీపాలు ఆరిపోతున్నాయి. పెద్ద కుమారుడు జాన్ యుక్తవయసు నిండకుండానే తండ్రి వెంట ఆ చలికాలపు కొండల్లో తిరిగాడు. 1645 మార్చిలో జబ్బుపడి చనిపోయాడు. ఏడవడానికి తండ్రికి తీరిక లేదు. రెండవ కుమారుడు జేమ్స్ బడిలో చదువుకుంటుండగా శత్రువులు పట్టుకొని ఎడింబరో కోటలో పెట్టారు. బావ నేపియర్ ఆ సంవత్సరం చివర కొండల్లో కన్నుమూశాడు. ఇచ్చిన మాట ఇంటిల్లిపాదినీ కట్టివేస్తుందని మన హరిశ్చంద్రుడి కథలో కూడా చూశాం.

ఓటమి, ప్రవాసము

విజయం వచ్చాక సేన కరిగింది. కొండజాతుల వారికి యుద్ధమంటే దోచినది ఇంటికి చేర్చి పంట చూసుకొని మళ్ళీ రావడం. అలస్టెయిర్ తన పాత పగ తీర్చుకోవడానికి కాంప్‌బెల్‌ల మీదికి పడమటికి పోయాడు. గోర్డన్ వంశీయులు ఉత్తరానికి పోయారు. అంతలో ఇంగ్లండులో జూన్ నెలలోనే నేస్బీ యుద్ధంలో రాజు చిత్తుగా ఓడిపోయి ఉన్నాడు. అక్కడ ఖాళీ అయిన ఆశ్వికదళంతో డేవిడ్ లెస్లీ అనే సమర్థుడైన సేనాని స్కాట్లండు వచ్చాడు. 1645 సెప్టెంబరు 13న సెల్కర్క్ పట్టణం పక్కన ఫిలిప్‌హా మైదానంలో, పొగమంచు తొలగకముందే, మాంట్రోజ్ మిగిలిన కొద్ది సేన మీద విరుచుకుపడ్డాడు. మిత్రులు బలవంతం చేయగా మాంట్రోజ్ గుర్రం ఎక్కి తప్పించుకున్నాడు. ప్రాణాలు దక్కుతాయని లొంగిపోయిన ఐర్లండు సైనికులను కవనెంటర్లు చంపారు. శిబిరంలో ఉన్న వారి స్త్రీలను, పిల్లలను కూడా వదలలేదు. అబర్డీన్ పాపం ఒక పక్షానిదైతే ఫిలిప్‌హా పాపం రెండవ పక్షానిది.

1646లో రాజు స్కాట్లండు సేనకు లొంగిపోయి, ఆయుధాలు దించి దేశం విడిచిపొమ్మని మాంట్రోజ్‌కు ఆజ్ఞ పంపాడు. ఆయన శిరసావహించాడు. సెప్టెంబరు 3న ఒక పాదిరి వెంట నౌకరు వేషంలో నార్వే పోయే చిన్న ఓడ ఎక్కాడు. యూరప్‌లో ఆయనకు ఆదరణ కొరవడలేదు. జర్మను చక్రవర్తి మూడవ ఫెర్డినాండ్ ఫీల్డ్ మార్షల్ పదవి ఇచ్చాడు. ఆయన గురువు, పాదిరి అయిన జార్జ్ విషర్ట్ ఆయన యుద్ధాల చరిత్రను లాటిన్ భాషలో వ్రాస్తే విద్వాంసులు చదివి మెచ్చుకున్నారు. హాయిగా అక్కడే ఉండిపోవచ్చు.

1649 జనవరి 30న లండనులో రాజుకు శిరచ్ఛేదం జరిగింది. ఆ వార్త విని మాంట్రోజ్ మూర్ఛపోయాడు. రెండు రోజులు గది తలుపులు వేసుకొని ఎవరినీ చూడలేదు. బయటికి వచ్చేసరికి చేతిలో ఒక చిన్న పద్యం ఉన్నది. చనిపోయిన రాజు ఋణం కత్తితో తీరుస్తానన్న ప్రతిజ్ఞ అది.

చివరి ప్రయాణము

కొత్త రాజు, పద్దెనిమిదేళ్ళ రెండవ ఛార్లెస్, అప్పుడు ప్రవాసంలో ఉన్నాడు. ఆయన ఒక చేత్తో మాంట్రోజ్‌ను స్కాట్లండుకు దండెత్తి పొమ్మన్నాడు. రెండవ చేత్తో హాలండు దేశపు బ్రెడా నగరంలో కవనెంటర్లతో బేరం సాగించాడు. మాంట్రోజ్ తెగిస్తే కవనెంటర్లు దిగివస్తారని ఆయన లెక్క. సంగతి మాంట్రోజ్‌కు తెలియనిది కాదు. అయినా బయలుదేరాడు.

1650 వసంతంలో స్కాట్లండు ఉత్తరాన ఉన్న ఓర్క్నీ దీవులలో దిగాడు. విదేశీ కూలి సైనికులు కొన్ని వందలమంది, ఓర్క్నీ రైతులు సుమారు వెయ్యిమంది. ఆ రైతులు యుద్ధం ఎరుగరు. ఏప్రిల్ 27న కార్బిస్‌డేల్ వద్ద కల్నల్ స్ట్రాకన్ కొద్దిపాటి ఆశ్వికులతో మీదపడగానే వారి వరుసలు చెదిరిపోయాయి. వందలమంది చచ్చారు, ఏటిలో మునిగిపోయినవారు మరికొందరు. ఓర్క్నీ పల్లెలలో ఆ సంవత్సరం ఎన్ని ఇళ్ళలో మగదిక్కు లేకుండా పోయిందో ఊహించుకోండి.

గాయాలతో, ఆకలితో, కొండసీమ గొల్లవాని బట్టలు కట్టుకొని మాంట్రోజ్ అడవుల వెంట తిరిగాడు. ఆకలికి తన చేతి తొడుగులు నమిలాడని చెబుతారు. చివరకు అసింట్ సీమ అధిపతి నీల్ మెక్‌లియడ్‌కు చెందిన ఆర్డ్వ్రెక్ కోటకు చేరాడు. అక్కడివారు ఆయనను శత్రువులకు అప్పగించారు. బహుమతిగా ఒప్పుకున్నదానిలో కొంత డబ్బు, కొంత ఓట్ల పిండి. సేనతో కలిసి చన్నీళ్ళలో కలుపుకొని తిన్న అదే పిండి.

సరిగా ఆ రోజులలోనే, మే 1న, బ్రెడాలో రెండవ ఛార్లెస్ కవనెంటర్లతో ఒప్పందం చేసుకున్నాడు. ఆయుధాలు దించమని మాంట్రోజ్‌కు వ్రాసిన ఆజ్ఞ ఆయనను చేరే లోపల అంతా అయిపోయింది. రాజు తన సేనానితో తనకు సంబంధం లేదన్నట్టు ఊరుకున్నాడు.

మే 18న ఎడింబరో నగరంలోకి ఆయనను తీసుకువచ్చారు. తలారి నడిపే బండిలో ఎత్తైన పీట మీద కూర్చోబెట్టి తాళ్ళతో కట్టారు. ప్రజలు రాళ్ళు విసురుతారని అధికారులు అనుకున్నారు. జనం మౌనంగా చూశారు, కొందరు కంటతడి పెట్టారు. దారిలో ఒక మేడ కిటికీ వెనుక ఆర్గైల్ నిలబడి ఉన్నాడు. ఆ ఇంట్లో అప్పుడు ఆయన కుమారుని పెళ్ళి సందడి.

విచారణ అంటూ ఏమీ లేదు, ఎప్పుడో ద్రోహిగా ప్రకటించారు. పార్లమెంటు ఎదుట నిలబెట్టినప్పుడు, జాతీయ కవనెంటును తాను ఎన్నడూ ఉల్లంఘించలేదనీ, రెండవ ఒడంబడికలో మాత్రం తనకు పాలు లేదనీ ఆయన నెమ్మదిగా చెప్పాడు. పశ్చాత్తాప పడితే వెలి ఎత్తివేస్తామని పాదిరులు అన్నారు. తాను తప్పని నమ్మనిదానికి పశ్చాత్తాపం ఎలా చెప్పేది? ఒప్పుకోలేదు.

1650 మే 21న నగరం నడిబొడ్డున ముప్పై అడుగుల ఉరికంబం మీద ఆయనను ఉరితీశారు. వయసు ముప్పైయేడు. జలతారు అంచు ఎర్రని ఉడుపులు ధరించి, జుట్టు దువ్వుకొని, పెళ్ళికి పోయినట్టు పోయాడు. అవమానించడానికి విషర్ట్ వ్రాసిన పుస్తకాన్ని మెడకు వేలాడదీశారు. తలను ఎడింబరో చెరసాల గోడమీద ఇనుప మేకుకు గుచ్చారు. కాళ్ళు చేతులు నాలుగు పట్టణాలకు పంపారు. వాటిలో అబర్డీన్ ఒకటి.

తరువాత జరిగినది

ఆ తరువాత కొద్ది వారాలలోనే రెండవ ఛార్లెస్ స్కాట్లండు చేరి, మాంట్రోజ్ ఒప్పుకోని ఆ ఒడంబడిక మీద కూడా సంతకం చేశాడు. 1651 జనవరి 1న స్కోన్‌లో పట్టాభిషేకం. రాజు తలమీద కిరీటం పెట్టినవాడు ఆర్గైల్. 1660లో సింహాసనం స్థిరపడగానే అదే రాజు అదే ఆర్గైల్‌ను బంధించాడు. 1661 మే 11న మాంట్రోజ్ అవయవాలన్నీ పోగుచేసి సెయింట్ జైల్స్ చర్చిలో రాజలాంఛనాలతో సమాధి చేశారు. మే 27న ఆర్గైల్ తల తెగింది. పదకొండేళ్ళు మాంట్రోజ్ తల ఉన్న ఇనుప మేకుకే ఆర్గైల్ తలను గుచ్చారు. ఇవాళ సెయింట్ జైల్స్ చర్చిలో ఒకవైపు మాంట్రోజ్ స్మారకం, ఎదురువైపు ఆర్గైల్ స్మారకం ఉన్నాయి. ఇద్దరూ రాతి మంచాల మీద పడుకొని ఉన్నారు.

ఇక నేపియర్ కుటుంబం సంగతి. బావ కొడుకు భార్య, ఎలిజబెత్ నేపియర్ అనే మహా ధైర్యవంతురాలు, రాత్రివేళ మాంట్రోజ్ గుండెను తెప్పించి, పరిమళ ద్రవ్యాలు పూయించి భద్రపరిచింది. ఆ గుండె కథను ఆమె వంశానికే చెందిన సర్ అలెగ్జాండర్ జాన్‌స్టన్ 1836లో తన కుమార్తెలకు వ్రాసిన ఉత్తరంలో చెప్పాడు. ఆయన సింహళంలో ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినవాడు. తల్లి హెస్టర్ నేపియర్ పెళ్ళయ్యాక భర్తతో ఇండియా వచ్చి మధురలో కాపురముంది. గుండె ఉన్న భరిణెను వెంట తెచ్చుకుంది. దారిలో ఫ్రెంచి ఓడతో జరిగిన పోరులో బంగారు భరిణె చితికిపోతే, మధుర కంసాలి ఒకరు అచ్చు అటువంటిదే చేసి ఇచ్చాడు. అది దొంగల పాలై ఒక పాలెగారి చేతికి చేరింది. అది దగ్గరుంటే యుద్ధంలో గాయం తగలదని ఆయన నమ్మకం. బాలుడైన అలెగ్జాండర్ ఆ పాలెగారితో వేటకు పోయి ధైర్యం చూపించి, బహుమానంగా తల్లి వస్తువును అడిగి తెచ్చాడు. 1792లో తిరుగు ప్రయాణంలో ఫ్రాన్సులో విప్లవపు రోజులు. ఒక ఆంగ్ల స్త్రీ దగ్గర దాచిపెట్టి పోయారు. ఆమె చనిపోయింది. ఆ తరువాత ఆ గుండె ఎవరి కంటా పడలేదు.

గుండె పోయినా, హెస్టరమ్మ మధుర ఇంటినుండి మనకు ఒక మేలు మిగిలింది. లాగరిథమ్‌ల నేపియర్ చరిత్ర కోసం హిందువుల గణితం గురించి తెలుసుకోవాలని నేపియర్ కుటుంబం కాలిన్ మెకంజీ అనే స్కాట్లండు యువకునికి పని అప్పగించింది. 1783లో ఇండియా వచ్చిన మెకంజీ, మధురలో హెస్టరమ్మ ఇంట్లో అక్కడి పండితులతో పరిచయం చేసుకున్నాడు. మన దేశపు పాత గ్రంథాల మీద ఆయనకు ఆసక్తి అక్కడ పుట్టింది. తరువాత ఏలూరుకు చెందిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనే తెలుగు సోదరులు ఆయనకు కుడిభుజమయ్యారు. ఊరూరా తిరిగి శాసనాలు, తాళపత్రాలు, గ్రామాల చరిత్రలైన కైఫీయత్తులు సేకరించారు. పూర్వీకుల ఊరి పేరు మాత్రమే తెలిసిన మనబోటివాళ్ళకు, ఆ ఊరు రెండు వందల యేళ్ళ క్రితం ఎలా ఉండేదో చెప్పే కాగితం ఏదైనా ఉంటే, అది ఆ కైఫీయత్తులలో ఉండే అవకాశముంది.

మనకు మిగిలినది

మా తరగతి పిల్లల తగువు ఇంకా తీరలేదు. నా ఉద్దేశ్యం అడిగితే, మాంట్రోజ్ విభీషణుడూ కాడు, పూర్తిగా కర్ణుడూ కాడు. తాను సంతకం పెట్టిన కాగితాన్ని మొదటి పంక్తినుండి చివరి పంక్తివరకు చదివి, అన్నింటికీ కట్టుబడాలనుకున్న మనిషి. అబర్డీన్‌లో ఆయన తన కోపానికి లొంగిపోయాడు, ఆ మచ్చ చెరగదు. కాని తన రాజు మాట తప్పుతున్నాడని తెలిసినా తాను తప్పలేదు.

మా తాతకు చదువు రాక, వేలిముద్ర వేసిన కాగితానికి కట్టుబడ్డాడు. మాంట్రోజ్ చదివి, సంతకం చేసిన కాగితానికి కట్టుబడ్డాడు. ఇద్దరినీ పైవాళ్ళు వాడుకున్నారు. అందుకని మన పిల్లలకు నేను రెండు మాటలు చెబుతాను. చెయ్యి పెట్టేముందు కాగితం అంతా చదవండి. పెట్టాక, మీ మాట నిలబెట్టుకోవడానికి ఎవరి ఇల్లు కాలుతుందో కూడా చూసుకోండి.